లాసెట్‌కు నేను పెట్టిన పరస్థానం

మా మనవరాలు రేణుక లాయరు కాకుండా అడ్డుపడడానికి పగవాళ్ళెవరూ అక్కరలేకపోయింది, నేనొక్కదాన్నే సరిపోయాను. ఆ ఘోరం చెబుతాను వినండి. నవ్వుకోండి గానీ మా ఎమ్మిగనూరులో మాత్రం ఎవరితోనూ అనకండి. వాళ్ళు నవ్విన నవ్వు చాలు.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నేనింకా చిన్నదాన్నే, అరవై నిండి పళ్ళు అప్పుడప్పుడే కదులుతున్న ఈడు. లా కాలేజీలో చేరాలని రేణుక లాసెట్‌కు కట్టింది. రోట్లో పచ్చడి నూరుతూ కూడా చట్టాలు వల్లించింది. తీరా పరీక్ష ఆదోనిలో, అదీ శుక్రవారం పడింది. శుక్రవారం పడమటికి వారశూల, అటు ప్రయాణం కూడదు. ఆదోని మాకు పడమటే!

"పరస్థానం పెడదాం పామ్మే" అన్నాను. తెలియనివారికి చెబుతున్నాను: మంచి ఘడియ చూసి ముందే మన వస్తువొకటి పక్కింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క.

"ఒక చున్నీ పెడితే సాల్లే అవ్వా."

"చున్నీ రాస్తాదామ్మే పరీక్ష?" అని గద్దించి, హాల్ టికెట్టూ ఆధార్ కార్డూ ఉన్న బ్యాగునే గురువారం మోసుకెళ్ళి పక్కింటి సుంకమ్మకు అప్పజెప్పాను. నేను ఏ పనీ సగం చేసే రకాన్ని కాదు మరి.

తెల్లవారింది. సుంకమ్మ తలుపుకు తాళం, నా అరచేయంత! ఎదురింటాయన వేపపుల్ల నములుతూ చెప్పాడు: "కూతురికి నొప్పులంట. కోడి కూయకముందే గోనెగండ్లకు పాయె."

ఫోన్ చేశాం. మోగింది. తాళం వేసిన ఆ ఇంట్లోనే మోగింది!

"అవ్వా, నిమిషం లేటయినా లోపలికి పోనీరు! ఏడాది సదువు మట్టి గొట్టుకపాయె!" రేణుక నెత్తి కొట్టుకుంది.

నేను గుండ్రాయి ఎత్తాను.

"వద్దవ్వా! పరాయోళ్ళ తాళం పగలగొడితే నేరం!"

"బ్యాగు మనదే గదా, దొంగతనమెట్లయితాది?"

"దొంగతనం గాదు. ఆ తాళం మాత్రం..."

"గాదంటివి గదా, సాలు. జరుగు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను పక్కిల్లు గెలిచాను. ఆ మోతకు వీధికుక్కలు ఊరు దాటాయి. బ్యాగు చంకన పెట్టుకుని ఇద్దరం బస్సు వెంట ఉరికాం. ఆదోనిలో మూసుకుంటున్న గేటు సందులోంచి రేణుక బల్లిలా దూరింది. ఆ సంతోషంలో నేను బేరమాడకుండా సోడా తాగాను. జన్మలో అదొక్కసారే.

సాయంత్రం సుంకమ్మ మనవడు పుట్టిన కబురుతో వచ్చింది. "అక్కా, నా తాళం ఎవరు పగలగొట్టినారు?"

"కోతులు సుంకమ్మా! ఈ నడుమ మరీ పేట్రేగిపోతాండాయి."

వెనక నుంచి రేణుక: "కోతి గాదత్తా, మా అవ్వే. నేను కళ్ళారా సూసినా. కొత్త తాళం కొనిచ్చేదాకా వదలొద్దు."

సీటు తర్వాత వచ్చింది గానీ, మా రేణుక గెలిచిన మొదటి కేసు అదే. ముద్దాయిని నేను. కాలేజీలు ఎంచుకునే రోజున అది కంప్యూటరు ముందు కూర్చుని, "ఏ దిక్కు కాలేజీ పెట్టమంటావవ్వా?" అని అడిగింది. నేను నోట్లో వక్క వేసుకుని వాకిట్లోకి నడిచాను.

అందుకే నిండు మనసుతో ఒట్టేస్తున్నాను: ఇకమీదట మా ఇంట్లో ఎవరు పరీక్షకు బయలుదేరినా పక్కింట్లో బ్యాగు పెట్టను. వారశూల మరీ గట్టిదైతే, ముందురోజే బ్యాగుకు బదులు నేనే వెళ్ళి ఆ ఇంట్లో ఉంటాను. బయట తాళం కూడా వేయమంటాను.