నేను మూసిన తలుపు బయట నేనే

మిర్యాలగూడ రైసు మిల్లులకు వచ్చే ధాన్యం ట్రాక్టర్లకు టోకెన్లిచ్చే ఆఫీసులో సర్వర్లు చూడటం నా పని. మిల్లుల కంప్యూటర్లైనా, బయటి నుంచి నేనైనా ముందుగా గేటులాంటి మా ప్రాక్సీ సర్వర్‌కే కనెక్ట్ అవ్వాలి.

మొన్న కోతలప్పుడు సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులో వెళ్తూ, చిన్న మార్పు కోసం ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ ప్రాక్సీలో కొత్త కనెక్షన్లను అందుకునే లిజనర్లన్నీ ఆపాను. అలా ఆపితే కొత్త కనెక్షన్లు లోపలికి రావు, అప్పటికే లోపలున్నవి మాత్రం నడుస్తుంటాయి. మార్పు చేసి వెంటనే తెరవాలి. ఇంతలో మునగాల దగ్గర సిగ్నల్ పోయి నా కనెక్షన్ తెగింది. సిగ్నల్ వచ్చాక మళ్లీ లోపలికి వెళ్దామంటే ఇప్పుడు నాదీ కొత్త కనెక్షనే!

మిల్లుల నుంచి ఒకటే ఫోన్లు. "మేడం, ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగినయ్, జర జల్ది సూడున్రి!"

సీట్లో కూర్చోలేను, బస్సు దిగలేను. చివరికి ఆఫీసులో ఉన్న యాదగిరికి ఫోన్ చేశాను. పనయ్యాక లాగౌట్ చేయడని రోజూ నాతో తిట్లు తినే మనిషి.

"పొద్దున సర్వర్ తెరిసినవ్ కదా, బంద్ చేసినవా?"

"తిట్టకున్రి మేడం, ఇయ్యాల గూడ మర్శిన. ఇంకా తెరిసే ఉన్నది."

పొద్దుటి నుంచి లోపలే ఉన్న అతని కనెక్షన్ నుంచి, లిజనర్లను మళ్లీ తెరిచే రెజ్యూమ్ వెంటనే కొట్టించాను. టోకెన్లు కదిలాయి. కోదాడలో దిగేదాకా ల్యాప్‌టాప్ మూయలేదు.

ఇప్పుడు ఏది మూయాలన్నా ముందు నేను ఏ వైపున్నానో చూసుకుంటాను. యాదగిరిని తిట్టడం మానలేదు కానీ, గొంతు కాస్త తగ్గింది.

— స్వరూప, సూర్యాపేట