ల్యాబ్‌లో మూడు ఫ్యూజులు

సికింద్రాబాద్‌లో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన కొత్తలో నాకు కాస్త పొగరే. పవర్ సిస్టమ్స్‌లో డాక్టరేట్ ఉంది మరి. ఎక్కడ లైను తెగితే ఏ బ్రేకర్ ఎంతసేపట్లో పడిపోవాలో లెక్కకట్టి పేపర్లు రాసినవాణ్ణి. ఇంట్లో మిక్సీ ఆగిపోతే మాత్రం మా ఆవిడ ఎలక్ట్రీషియన్‌నే పిలిచేది.

మా ల్యాబ్ అటెండర్ మల్కాజ్‌గిరి నుంచి వచ్చేవారు. నాకంటే చాలా పెద్దాయన. ప్యానెల్ వెనక చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. ఆ బరువుకి జేబు వేలాడుతుంటే, "మెయిన్ ఆపితే చాలదా?" అని నవ్వేవాణ్ణి.

ఒక రోజు పొద్దున క్లాసుకి ఆలస్యమైంది. చిరాగ్గా ల్యాబ్‌లోకి వచ్చి, ఎవరినీ అడక్కుండా మెయిన్ స్విచ్ పైకెత్తి ఆన్ చేశాను. ప్యానెల్ మీది దీపం వెలగలేదు. "ఈ ప్యానెల్ ఎప్పుడూ ఇంతే!" అని అరిచాను.

ప్యానెల్ వెనక నుంచి ఆయన బయటికొచ్చారు, చేతిలో స్పానర్‌తో.

"ఫ్యూజులు నా తాన ఉన్నయ్ సార్. జెర ఆగుండ్రి, నట్టు బిగిస్తున్న."

స్టూలు మీద కూలబడ్డాను. ఆయన, అప్పటికే వచ్చి చూస్తున్న విద్యార్థుల వైపు తిరిగి, "సప్లై బందయిందా లేదా చూడనీకి సార్‌ని నేనే స్విచ్ ఎత్తమన్న" అన్నారు. నా పరువు కాపాడటానికే ఆ అబద్ధం.

క్షమించమనడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. భద్రత మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చానో, ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఆయన భార్య ఎప్పుడైనా కాలేజీకి వస్తే పక్క గదిలోకి తప్పుకునేవాణ్ణి. ఆమె కళ్లలోకి చూడాలంటే భయం.

మొన్న ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు సభ అయ్యాక ఆయన భార్య ఒక్కరే కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు ఫ్యూజులు ఆయన జేబులో లేకపోతే, నా చేతులతో నేనే ఆయన్ని చంపేసి ఉండేవాణ్ణి" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకెరుకే సారూ. ఆ దినమే చెప్పిండు. సార్ మొకం తెల్లగైంది, అన్నం డబ్బా సుత తియ్యలె, ఇంటికెట్ల పోయిండో ఏందో అని ఒకటే పరేషాన్ అయిండు. తెల్లారి నీ కోసమని రెండు జొన్నరొట్టెలు ఎక్కువ చేసి పంపిన. తిన్నవా?"

"తిన్నానమ్మా" అన్నాను. ఆయన వాటిని నా బల్ల మీద పెట్టినప్పుడు, ఎందుకని కూడా అడగలేదు నేను.