పద్నాలుగు నెలల ఉప్పు

మా అక్క ముప్పై ఒక్క ఏళ్లు సముద్రంలో ఉప్పు కొలిచింది. ఇంటికి ఎవరొచ్చినా బావది ఒకటే మాట: "సముద్రానికి ఉప్పు చూస్తుంది గానీ, కూరకి నేనే చూసుకోవాలి." అక్క తలెత్తకుండా, "మీ నాలుకకి క్యాలిబ్రేషన్ లేదు," అనేది.

జెట్టీ కింద నీళ్లలో ఒక సెన్సర్ వేలాడుతూ గంటగంటకీ ఉప్పెంతో నమోదు చేస్తుంటుంది. దానికి నాచు పడుతుంది, గుల్లలు అంటుకుంటాయి, మెల్లగా లెక్క తప్పుతుంది. అందుకని అక్క వారానికోసారి దాని పక్కనే సీసాతో నీళ్లు పట్టేది. ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి పారబోసి, నాలుగోసారి నింపి మూత బిగించేది. నెల సీసాలు పోగయ్యాక ల్యాబ్‌లో కొలిచేది. తేడా వస్తే సీసా మాటే చెల్లేది. సెన్సర్ అంకెలను దిద్దేవారు.

రిటైరయ్యే ఏడు కొత్త సెన్సర్ వచ్చింది. పరీక్షకని నెల రోజులు పాతదాని పక్కనే వేలాడదీశారు. రెండూ ఒకే అంకె చూపించాయి. సీసాలు మాత్రం, పద్నాలుగు నెలలుగా చెబుతున్నట్టే, ఎక్కువ ఉప్పు చూపించాయి.

"మేడమ్, పాతది చెడిందనుకున్నాం సరే," అంది కొత్తగా చేరిన ఇంజినీరు అమ్మాయి. "మొన్న వచ్చింది కూడా అదే చెబుతోంది. రెండూ కూడబలుక్కున్నాయంటారా?"

అక్క నవ్వింది. ఆ నవ్వు ఇల్లు చేరేదాకా నిలవలేదు.

వంటింట్లో బావ కుక్కర్‌తో తంటాలు పడుతున్నాడు. "రబ్బరు గట్టిపడిపోయిందే. ఆవిరంతా పక్కనుంచే పోతుంటే విజిల్ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అక్క ఆ రబ్బరు చేతిలోకి తీసుకుని, వంచి చూసి, కుర్చీలో కూర్చుండిపోయింది. సీసా మూతల్లోనూ రబ్బరు బిళ్లలుంటాయి. వాటికి మరకలు కనిపిస్తే, శుభ్రం కోసమని, పద్నాలుగు నెలలుగా మరిగే నీళ్లలో వేసి ఉడికిస్తున్నది తనే.

మర్నాడు ఒకే బకెట్ నీళ్లు పన్నెండు సీసాల్లో నింపింది. ఆరింటికి ఉడికించిన బిళ్లలు, ఆరింటికి కొత్తవి. నాలుగు వారాలాగి కొలిచింది. ఉడికించిన బిళ్లలున్న సీసాల్లో నీళ్లు కొంచెం ఆవిరై పోయాయి. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈలోగా ఈ తీరం నీళ్లు ఉప్పెక్కుతున్నాయని ఒక నివేదిక వెళ్లిపోయింది. కొలతలు తీసిన వ్యక్తిగా అందులో ఉన్నది అక్క పేరొక్కటే.

"రెండు వారాల్లో వెళ్లిపోతున్నారు," అన్నాడు పై అధికారి. "పాత సెన్సర్‌దే తప్పని ఫైలు మూసేద్దాం. ఎవరడుగుతారు మేడమ్?"

"ఎవరూ అడగరు సార్. కానీ సముద్రం మీద చాడీ చెప్పినట్టుంటుంది."

ఆ రెండు వారాలూ ఆమె ఆ పద్నాలుగు నెలల రిజిస్టర్లు ముందేసుకుని, దిద్దిన ప్రతి అంకె పక్కనా మొదటి అంకెను ఎర్ర సిరాతో తిరిగి రాసింది. చివర రెండు వాక్యాలు: "సెన్సర్ సరిగ్గానే చెప్పింది. రబ్బరు బిళ్లలు ఉడికించి పాడుచేసింది నేను." కింద సంతకం, తేదీ.

నివేదిక వెనక్కి తీసుకున్నారు. వీడ్కోలు సభలో అధికారి ఆమె సమయపాలన గురించి చాలాసేపు మాట్లాడాడు.

తర్వాతెప్పుడో ఏదో పని మీద ఆ ల్యాబ్‌కి వెళ్లాను. సింక్ పైన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. "బిళ్లలు ఉడికించకండి. వాడినవి పారేయండి." అక్షరాలు అక్కవే. ఆ కింద సింక్‌లో ఇంజినీరు అమ్మాయి ఒక సీసాను మూడోసారి కడుగుతోంది.