హరిలాల్ మామ మూయని కన్ను

మా హరిలాల్ మామ చర్చి విందులో భోజనం ముందు ప్రార్థన చేసేటప్పుడు ఒక్క కన్నే మూస్తాడు. రెండోది బార్లా తెరిచి ఉంటుంది. ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న మా తండాలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అందరూ కళ్లు మూసుకునే వేళ అందరికీ ఎలా తెలిసిందని మాత్రం అడగకండి.

మామ అంటే మా ఆవిడ సరళకు చిన్నాన్న, మా సంఘానికి పెద్ద. నేను కారేపల్లి నుంచి ఇల్లరికం వచ్చి ఆ చర్చిలో డోలక్ వాయిస్తుంటాను. ప్రార్థన లేకుండా మామ పుల్ల కూడా కదపడు. మోటరు స్టార్టరు నొక్కే ముందు ప్రార్థన. మిరపకు మందు కొట్టే ముందు ప్రార్థన, కొట్టాక ఇంకోటి. బండి స్టార్టు కాకపోతే మొదట ప్రార్థన చేసి, ఆ తర్వాతే పెట్రోలు ఉందో లేదో చూస్తాడు. చిత్రమేమిటంటే, వీటన్నిటికీ బుద్ధిగా రెండు కళ్లూ మూస్తాడు. ఆ ఒంటికన్ను ప్రార్థన ప్రేమవిందులో మాత్రమే.

ప్రేమవిందు మాకు నెలనెలా మొదటి ఆదివారం. ఆరాధన అయ్యాక మా చర్చి రేకుల షెడ్డు ముందు పందిట్లో అందరం బంతిగా కూర్చుంటాం. మామ వాగు వైపు తిరిగి నిలబడి స్తోత్రం చెల్లిస్తాడు. ఆయన ఆమెన్ అనేదాకా గరిటె లేవకూడదు. ఆ ఆమెన్ అంత తొందరగా రాదు. అన్నానికి స్తోత్రం, నాటేసినవాళ్లకు స్తోత్రం, పడిన వానకు, పడబోయే వానకు కూడా స్తోత్రం. ఈలోగా కోడికూర మీద నూనె పేరుకుపోతుంది.

ఆ కన్ను గురించి ఎవరి ఊహ వాళ్లది. "నేను ముక్కలు దాసుకుంటున్ననని కాపలా కాస్తున్నడు," అని వంట చేసే వీరన్న అలిగేవాడు. "నరం పట్టేసినట్టుంది, కొత్తగూడెం దవాఖానాల సూపిద్దాం," అని సరళ దిగులుపడేది. నాకైతే నిద్ర పట్టేది కాదు. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"మామా, ఆ ఒక్క కన్ను ఎందుకు మూయవే?"

"ఒకటి దేవుని దిక్కు, ఒకటి మనుషుల దిక్కు అల్లుడా."

"మరి మోటరు కాడ రెండూ మూస్తవ్ గద?"

"మోటరు మనిషా?" అని వెళ్లిపోయాడు.

ఇంతలో ఖమ్మం నుంచి కొత్త పాస్టరు జయప్రకాశ్ గారు వచ్చారు. మంచివారే, కానీ టైము మనిషి. రెండు విందులు ఓపిక పట్టి, మూడోదానికి మామను పక్కకు పిలిచారు.

"పెద్దయ్యా, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. ఈసారి మీ అల్లుడు చేస్తడు ప్రార్థన. అది బాగుంటే ఇగ నుంచి అతనే."

ఏళ్లుగా చేస్తున్న పని చేజారిపోతుంటే మామ కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. నాకు జాలేసింది. అయినా కూర వేడిగా తినొచ్చన్న ఆశ కూడా లేకపోలేదు.

ఆ ఆదివారం నేను నిలబడ్డాను. మామ వచ్చి నా వెనకే నిలబడ్డాడు. నేను రెండు కళ్లూ మూసుకుని రెండే రెండు వాక్యాలు చెప్పి, "ఆమె..." అన్నానో లేదో, మామ నా నడుము మీద గట్టిగా గిల్లాడు.

"ఇంకా చెయ్యి!"

"ఏం చెయ్యాలె మామా?"

"మిరపతోటలున్నయ్ గద!"

మిరపతోటల కోసం ప్రార్థించాను. మళ్లీ గిల్లుడు. తోటలకొచ్చిన నల్లతామర పురుగు పోవాలన్నాను. గిల్లుడు. మాటిమాటికీ కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్ కోసం, వీరన్న మోకాళ్ల కోసం, కొత్తగూడెం బస్సు బ్రేకుల కోసం ప్రార్థించాను. పాస్టరుగారు దగ్గారు. వీరన్న గరిటె చప్పుడు చేశాడు. నా దగ్గర సరుకు అయిపోయింది. ఇంక తట్టుకోలేక, మామ ఏం చూస్తున్నాడో చూద్దామని ఒక కన్ను తెరిచాను.

వాగు దాటి జమ్లి అవ్వ వస్తోంది. చేతికర్ర మీద ఒరుగుతూ, చంకలో సొంత పళ్లెం పెట్టుకుని, మెల్లగా.

జమ్లి అవ్వ ఒంటరిది. మేకలే ఆమె లోకం. ఆదివారం కూడా వాటిని మేపి, కట్టేశాకే బయలుదేరుతుంది. ఆరాధన పాటలు మేకల వెనకే పాడుకుంటుంది. బండి మీద తీసుకొస్తామంటే, "రోగమొచ్చినోళ్లు ఎక్కుతరు బండి," అని కసురుతుంది. పందిట్లోకి వచ్చి, బంతి చివర కాళ్లు చాపుకుని, పళ్లెం ముందు పెట్టుకుంది. మామ నా వీపు మీద నిమిరాడు.

"ఇగ చాలు."

"ఆమెన్!" అని అరిచాను. అంత మనస్ఫూర్తిగా ఎన్నడూ అనలేదు.

తింటుండగా మామ గొంతు తగ్గించి చెప్పాడు. పాస్టరుగారు నా పక్కనే ఉన్నారు.

"ఒకపాలి వడ్డన మొదలైనంక వచ్చింది. గేటు కాడ నిలబడి సూసి, 'నేను తినొచ్చిన' అని మళ్లిపోయింది. ఏం తిన్నదో నాకు తెల్వదా? అడుక్కునేటందుకు వచ్చినట్టు అయితదని ఆమె బాధ. బంతిల అందరితోని కూసుంటెనే తింటది."

"గట్లయితే ఆమె వచ్చినంకనే మొదలుపెడదమని చెప్పరాదు?" అన్నాను.

"తన కోసం ఆగినమని తెలిస్తే మళ్ల ఈ గడప తొక్కది. దేవుని కోసం ఆగితే ఎవరేమంటరు?"

పాస్టరుగారు తన పళ్లెంలోని పెద్ద ముక్క తీసి మామకు వేశారు.

తర్వాతి నెల ఎండ మండిపోతోంది. మామకు గొంతు పట్టేయడంతో ప్రార్థనకు పాస్టరుగారే లేచారు. అన్నానికి, వానకు, బావులకు స్తోత్రం చెప్పి, అడవిలో చెట్లను ఒక్కొక్కటిగా పేరు పెట్టి మొదలుపెట్టారు. నాకు అనుమానమొచ్చి ఒక కన్ను తెరిచాను. పాస్టరుగారి కన్ను ఒకటి వాగు మీదే ఉంది. పక్కన మామ మాత్రం రెండు కళ్లూ హాయిగా మూసుకుని ఉన్నాడు.

జమ్లి అవ్వ వచ్చి కూర్చుంది. చెట్ల జాబితాలో మునిగిపోయిన పాస్టరుగారు ఇప్పచెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంటే, ఆమె పళ్లెం నేల మీద టంగున కొట్టింది.

"ఏం ప్రార్థనలయ్యా మీయి! నేనొచ్చి కూసున్నా అయిపోవు. ఆకలైతుంది, జల్దీ కానియ్యిన్రి!"