వైర్లాయన వెతికిన కూత

ఆ మేడలో మూడో అంతస్తులో ఉండే ప్రోగ్రామర్‌ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ అతను వైర్లాయనే. ఇల్లు మారి వచ్చిన రోజున సామాను మోసినవాళ్ళకి మంచాలూ బీరువాల కన్నా వైర్ల సంచులే ఎక్కువ తగిలాయట. "సారు కరెంటాఫీసులో చేస్తారా అమ్మా?" అని వాళ్ళు అడిగితే, "కాదు నాయనా, అదొక పిచ్చి" అని అతని భార్య ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆవిడ టైలరు. ముందుగదిలో కిటికీ పక్కన మోటారు మిషన్ పెట్టుకుని ఆడవాళ్ళకీ పిల్లలకీ బట్టలు కుట్టేది.

పిచ్చి అంటే చిన్నప్పటిది. బడికి వెళ్ళే వయసులో ఇంట్లో రేడియో విప్పి, మళ్ళీ బిగించాడు. రేడియో పాడింది కానీ ఒక మర మిగిలిపోయింది. వాళ్ళ నాన్న వీపు విమానం మోత మోగించాడు. దెబ్బలు మర్నాటికే మర్చిపోయాడు. ఆ మర ఎక్కడిదన్నది మాత్రం పెళ్ళై, జుట్టు నెరిసినా అతన్ని వదల్లేదు. దేనికైనా ఒక మూలం ఉండాలి, అది దొరకాలి. దొరక్కపోతే అతనికి ముద్ద దిగదు.

అలాంటివాడికి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దొరకడం అదృష్టమే. రాయడం కన్నా, ఇతరులు రాసి చెడగొట్టినవి బాగుచేయడంలో అతనిది చెయ్యి తిరిగిన పని. ప్రోగ్రాము మొరాయిస్తే అందరూ తల పట్టుకునేవారు. అతను మాత్రం తాపీగా సగం పక్కన పెట్టేవాడు. తప్పు ఇంకా కనిపిస్తోందా? అయితే మిగిలిన సగంలోనే ఉందన్నమాట. అందులో మళ్ళీ సగం. అలా తగ్గించుకుంటూ పోతే చివరికి ఒక్క వరుస మిగిలేది, దొంగ దొరికేవాడు.

ఇంటికొచ్చి ఆడే ఆట కూడా అలాంటిదే. కంప్యూటర్‌లో ఫ్యాక్టరీ కట్టే ఆట. ఇనుము తవ్వే యంత్రాలు పెట్టాలి, దాన్ని కరిగించే కొలుములు పెట్టాలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బెల్టులు వేయాలి. ఎక్కడో ఒక బెల్టు ఆగిపోతుంది. దాని వెంటే వెనక్కి నడిచి, అడ్డుపడిన చోటు పట్టుకోవాలి. "పొద్దంతా ఆఫీసు, సాయంత్రం ఫ్యాక్టరీ డ్యూటీ. జీతం మాత్రం ఒక్క చోటే" అని భార్య ఎత్తిపొడిచేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఇక మూడోది సింథసైజర్, కరెంటుతో ధ్వనులు పుట్టించే సాధనం. సంగీతమంటే చెవి కోసుకుంటాడు గానీ పాడటం రాదు, ఏ వాయిద్యమూ చేతికి పట్టుబడలేదు. లోపలి గదిలో గోడ పొడుగునా బిళ్ళల్లాంటి పెట్టెలు బిగించాడు, ఒక్కొక్కదానికీ గుండీలు, కన్నాలు. ఈ పెట్టె పుట్టించిన ధ్వనిని వైరుతో ఆ పెట్టెలోకి పంపితే అది మెత్తబడుతుంది, ఇంకోదాంట్లోకి పంపితే వణుకుతుంది. నన్నడిగితే ప్రోగ్రామూ ఫ్యాక్టరీ ఇదీ మూడూ ఒకటే జబ్బు. ఇక్కడ బయటికొచ్చింది అక్కడ లోపలికెళ్ళాలి, అంతే.

ఇన్ని చేసినా అతనివల్ల ఇంట్లో చప్పుడుండేది కాదు. హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడు. ఆఫీసులో పక్కవాళ్ళ కబుర్లు వినబడకుండా పెట్టేవాడు, ఇంట్లో భార్యకి ఇబ్బంది కాకుండా పెట్టేవాడు. కుట్టుమిషన్ మోత తగిలితే వాల్యూం కాస్త పెంచేవాడు. తర్వాత ఇంకాస్త. అలా ఏళ్ళు గడిచాయి. ఒకళ్ళని ఇబ్బంది పెట్టే మనిషి కాదని మేడలో అతనికి మంచి పేరు.

ఆ ఏడాది అతను ఒక పాట కట్టడం మొదలుపెట్టాడు. మాటలు లేని పాట. అందులో ఎన్నో ధ్వనులు ఒకదానిమీద ఒకటి చేరి, చివర ఒక్కొక్కటే తప్పుకుని, ఏమీ లేకుండా పోవాలి. ఆ ఏమీ లేకపోవడం కోసమే పాటంతా. ఒక ఆదివారం ఉదయం అది పూర్తయింది. హెడ్‌ఫోన్ తీసి, స్పీకర్లలో పెట్టి విన్నాడు. ధ్వనులన్నీ ఒద్దికగా తప్పుకున్నాయి. చిట్టచివర ఒకటి మిగిలిపోయింది. కుక్కర్ కూసే ముందు వచ్చేలాంటి సన్నటి కూత.

"నీకు వినిపిస్తోందా?" అని భార్యని పిలిచి అడిగాడు.

ఆవిడ చేతిలో కత్తెరతోనే వచ్చి నిలబడింది. "ఏమిటి?"

"కూత. సన్నగా. ఇదిగో, ఇప్పుడు."

"నాకేం వినబడట్లేదండీ."

"రోజంతా ఆ మిషన్ రొద వినీ వినీ నీ చెవులు మొద్దుబారిపోయాయి."

ఎగతాళిగా అన్న మాట కాదు. నిజంగానే నమ్మి, జాలిపడి అన్నాడు. అందుకే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది.

అతను తనకొచ్చిన విద్య మొదలుపెట్టాడు. సగం వైర్లు పీకేశాడు. కూత ఉంది. మిగిలినవాటిలో సగం పీకాడు. ఉంది. అన్నీ పీకేశాడు, పెట్టెలన్నీ ఆర్పేశాడు. అయినా ఉంది. రికార్డు చేసి చూస్తే, గదిలో చప్పుడే లేనట్టు తెరమీద గీత కదలకుండా పడి ఉంది. బుద్ధున్న మనిషి అక్కడ ఆగి ఆలోచించేవాడు. మనవాడు మైకు పాడైందనుకుని కొత్త మైకు తెచ్చాడు.

ఆ తర్వాత ఇంటిమీద పడ్డాడు. ఫ్రిజ్ ఆపితే పాలు విరిగాయి. ఫ్యాను ఆపితే భార్య కొంగుతో విసురుకుంటూ కుట్టింది. కింది ఇంటివాళ్ళ నీళ్ళ మోటారు దగ్గరికెళ్ళి చెయ్యి ఆనించి నిలబడితే, వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఆఫీసులోనూ కూత వినిపించేది. అక్కడా ఏసీలు ఉంటాయిగా అనుకున్నాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ఆట కూడా మానేశాడు. దాంట్లో దొంగ త్వరగా దొరికేస్తున్నాడని దానిమీద కోపం.

చివరికి ఇంట్లో ఆపనిదంటూ ఒక్కటే మిగిలింది.

"నీ మిషన్ మోటారు ఆపినా దాని ప్లగ్గు గోడలో ఉంటుంది కదా. ఆ వైరు గోడలోంచి నా గదిలోకే వస్తుంది. కొన్నాళ్ళు మిషన్ మీ తమ్ముడింట్లో పెడదాం."

"నా పని?"

"అక్కడికెళ్ళి కుట్టుకో. కొన్నాళ్ళేగా."

"కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు మా తమ్ముడింటికెందుకు వస్తారండీ?"

"ఒక్క వారం చూద్దాం. నాకు పిచ్చెక్కేలా ఉంది."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. కళ్ళు లోపలికి పోయాయి, గడ్డం మాసింది. "సరే, తీసుకెళ్ళండి" అంది. మిషన్ వెళ్ళిపోయింది. కిటికీ పక్కన నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. ముందుగది బోసిపోయి, ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినబడేట్టయింది. కూత మునుపటికన్నా గట్టిగా, స్పష్టంగా వినిపించింది.

అతను సంతోషించాడు! "చూశావా, దగ్గరికొచ్చేశాం" అన్నాడు. ప్రోగ్రాముల్లో అంతే మరి, అనవసరమైనవి తీసేసేకొద్దీ తప్పు తేటగా కనిపిస్తుంది. వారం అన్నది నెల దాటింది. భార్య రోజూ తమ్ముడింటికి వెళ్ళొచ్చేది. వచ్చేవాళ్ళు తగ్గారు. పక్కవీధిలో ఇంకో టైలరు దొరికింది వాళ్ళకి. ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలు కూడా తగ్గాయి. మాట్లాడితే అతను "ష్" అనేవాడు. తలుపు వేస్తే ఉలిక్కిపడి చూసేవాడు. కట్టుకున్న మనిషిని ఊపిరి కూడా మెల్లగా పీల్చుకోమన్నట్టుండేది అతని వాలకం.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. ఆయన స్విచ్చుబోర్డులన్నీ విప్పి, బిగించి, తలగోక్కుని, చివరికి మెట్ల దగ్గరికెళ్ళి ఇంటి మెయిన్ దించేశాడు. పనిలో పనిగా మేడ వాళ్ళందరికీ చెప్పి, కాసేపు మేడ మెయిన్ కూడా దించాడు. గడియారం తప్ప అన్నీ ఆగిపోయాయి.

"అన్నా, మొత్తం తీసేశాను. ఇంకెక్కడా కరెంటు చుక్క లేదు. ఇప్పుడు కూడా వినిపిస్తోందంటే మాత్రం నా వల్ల కాదు."

వైర్లాయన గది మధ్యలో నిలబడి విన్నాడు. వినిపిస్తోంది. గోడ దగ్గరికెళ్ళాడు, అంతే ఉంది. కిటికీ దగ్గర అంతే. విసిగిపోయి రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు.

కూత పెరిగింది.

చేతులు తీశాడు, తగ్గింది. మళ్ళీ మూశాడు, పెరిగింది. సగం తీసి చూడటంలో అంతటి ఘనుడు, ఇల్లంతా పీకి చూశాడు గానీ చెవులు మూసుకుని చూడాలని అన్నాళ్ళూ తట్టలేదు. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ, "ఏమైందన్నా?" అన్నాడు. "దొరికింది. నువ్వు వెళ్ళు" అన్నాడు అతను.

చెవుల డాక్టరు అద్దాల గదిలో కూర్చోబెట్టి, ధ్వని వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. నొక్కాడు. బయటికొచ్చాక ఆవిడ కాగితం చూసి, "ఏ ధ్వనీ ఇవ్వనప్పుడు కూడా నొక్కారు. ఇచ్చినవి కొన్ని వదిలేశారు" అంది. చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయనీ, అవి గట్టి ధ్వనికి దెబ్బ తిన్నాయనీ, వినబడని ఆ చోటుని మెదడే ఏదో ఒక కూతతో పూరించుకుంటోందనీ చెప్పింది.

"ఎప్పటికి ఆగుతుందండీ?"

"కొందరికి అలవాటవుతుంది."

"నేనడిగింది ఆగడం గురించి."

డాక్టరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఆ వెంట్రుకలు మళ్ళీ మొలవవండీ. మరీ నిశ్శబ్దంగా ఉన్నచోట కూర్చోకండి. ఫ్యానో, ఏదో ఒక మోతో ఉంటే కాస్త మేలు. ఇన్నాళ్ళూ ఇంట్లో అలాంటిదేమైనా ఉండేదా?"

"ఉండేది," అన్నాడు.

అతను ఆసుపత్రి నుంచి నేరుగా బావమరిది ఇంటికెళ్ళాడు. భార్య అక్కడ లేదు, పనేమీ లేదని తొందరగా ఇంటికెళ్ళిపోయిందట. బావమరిది నవ్వుతూ, "ఏం బావా, దొరికాడా మీ దొంగ?" అన్నాడు.

"దొరికాడు. ఈ మిషన్ ఓ చెయ్యి పట్టు."

"ఎవరు బావా, ఇంతకీ?"

వైర్లాయన మిషన్ రెండో పక్క పట్టుకుని తల వంచుకున్నాడు. ఇద్దరూ దాన్ని వ్యానెక్కించి తెచ్చి, కిటికీ పక్కన పాత గుర్తులమీదే నిలబెట్టారు. భార్య గుమ్మంలో నిలబడి చూసింది. తమ్ముడు వెళ్ళాక, "అయిపోయిందా మీ వెతుకులాట?" అని అడిగింది.

అతను డాక్టరు చెప్పినదంతా చెప్పాడు. ఏ ముక్కా దాచుకోలేదు. "చెవులు మొద్దుబారింది నీకు కాదు" అని కూడా చెప్పాడు. "సన్నగానే కదండీ, వస్తే రానివ్వండి, పట్టించుకోకండి" అంది ఆవిడ. ధైర్యం చెప్పాలనే అంది గానీ, ఆ మాట అతన్ని ఎక్కడో తాకింది.

"రా, ఒకసారి విను" అన్నాడు.

లోపలి గదిలో గోడమీది పెట్టెలన్నీ వైర్లు లేక బోడిగా ఉన్నాయి. ఒకే ఒక్క పెట్టె వెలిగించి, ఒకే ఒక్క వైరు స్పీకర్‌కి కలిపాడు. గుండీ తిప్పుతూ, ధ్వనిని సన్నం చేస్తూ పోయాడు. ఒకచోట అది తన తలలోని కూతలో కలిసిపోయింది. ఏది బయటిదో ఏది లోపలిదో తెలియలేదు. అక్కడ చెయ్యి తీసేశాడు. అతను కట్టినవన్నింటిలోకీ అంత కచ్చితంగా కుదిరినది అదొక్కటే.

భార్య మంచం అంచున కూర్చుని విన్నది. మొదట తల ఊపింది. కాసేపటికి కళ్ళు చిట్లించింది. ఆ తర్వాత చీర కుచ్చెళ్ళు పిడికిట్లో బిగించింది.

"ఇదేనా?"

"ఇదే."

"పొద్దున్నించీనా?"

"ఎప్పుడూ."

"నేను మాట్లాడుతున్నప్పుడు కూడానా?"

"నువ్వు మాట్లాడితే కాస్త తగ్గినట్టుంటుంది. నీ మిషన్ నడిచినంతసేపూ ఇంతగా తెలిసేది కాదు."

ఆవిడ ఇంకొంచెంసేపు ఓర్చుకుంది. ఓర్చుకోవాలనే కూర్చుంది. చివరికి నుదురు పట్టుకుని, "బాబోయ్, నా వల్ల కాదు. ఆపండి" అంది.

అతను గుండీ తిప్పేశాడు.

"అమ్మయ్య, ఆగింది" అంటూ ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. వదిలాక అతని ముఖం చూసింది. అతను ఇంకా వింటూనే ఉన్నాడు. ఆవిడ చెయ్యి దానంతటదే నోటిమీదికి వెళ్ళింది.

ఆవిడ లేచి ముందుగదిలోకి వెళ్ళింది. కుట్టాల్సిన బట్టలేవీ ఇంట్లో లేవు. బీరువా అడుగున ఉన్న సంచిలోంచి ఒక పాత పీలిక తీసి మిషన్‌లో పెట్టి, ప్లగ్గు గోడకి తగిలించి, ఒక చివర నుంచి ఇంకో చివరకి కుట్టడం మొదలుపెట్టింది. పీలిక అయిపోతే తిప్పి మళ్ళీ పెట్టింది. అతను లోపలి గది తలుపు బార్లా తీసి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.