మా అత్త దండ ఫోటో

తర్లుపాడులో ఉండే మా మేనత్తకు చావంటే భయం లేదు. పోయాక ఆధార్ కార్డు ఫోటోకి దండ వేస్తారేమోనని మాత్రం హడలిపోయేది. మా మామకు అలాగే జరిగింది మరి. గోడమీద ఆయన ఇప్పటికీ తుమ్ము ఆపుకుంటున్నట్టే ఉంటాడు.

నేను ఫోన్లో మంచి ఫోటో తీస్తానంటే ససేమిరా అంది.

"కాగితం మీదికి రావాల. మీ నాయన కెమెరాతోనే తీయాల."

మా నాయన ఒకప్పుడు మార్కాపురంలో స్టూడియో నడిపాడు. పాత కెమెరాకు రీలు తెప్పించి, పనిచేస్తుందో లేదో చూడాలంటూ దాదాపు అంతా మేకలమీద తగలేశాడు. చివరికి ఒక్క ఫోటోకే మిగిలింది.

చలికాలం పొద్దున అత్త పట్టుచీర కట్టుకుని పలకరాళ్ల అరుగుమీద కూర్చుంది. నాయన స్టాండుకు కెమెరా బిగించి బటన్ నొక్కాడు. బటన్ దిగింది గానీ లెన్సు వెనక షట్టరు రేకులు తెరుచుకోలేదు. ఊదాడు, తట్టాడు, తిట్టాడు. ఊహూఁ. నేను వంగి చూద్దును కదా, గుప్పున కొబ్బరినూనె వాసన!

"అత్తా, దీనికేమన్నా పూసినావా?"

"రాత్రి తుడిచి రెండు చుక్కలేసినా. ఎండిపోయింటే పాపమనిపించింది."

కీచుమనే తలుపుకైనా, నొప్పెట్టే మోకాలికైనా ఆమెకు అదే మందు. చలికి సీసాలో నూనెలాగే కెమెరాలోనూ గడ్డకట్టింది. విప్పి తుడుద్దామంటే వెలుతురు తగిలి రీలు పాడవుతుంది. నాయన తల పట్టుకున్నాడు. ఆఖరికి స్టాండును అలాగే, అత్తవైపే ఉంచి, ఎండలోకి జరిపాడు.

"కరిగేదాకా కదలొద్దక్కా. టీ తాగొస్తా."

వెళ్లినవాడు ఎంతకీ రాడే! ఎండ ముదిరింది. బిగబట్టుకుని కూర్చున్న అత్త ఒక్కసారిగా వేలెత్తి, నోరంతా తెరిచి అరిచింది.

"ఒరే సచ్చినోడా! టీ తాగను పోయినావా, తోట నాటను పోయినావా? చీరలో ఉడికిపోతాండా, రారా!"

టక్‌మంది. అంతకుముందు నొక్కిన నొక్కుకే, నూనె కరిగి, కెమెరా తనంతట తానే ఫోటో తీసేసుకుంది.

హైదరాబాదులో కడిగించి తెచ్చిన ఫోటో చేతికిస్తూ నేనూ నాయనా ఒకరి వెనక ఒకరం నక్కాం. అత్త దాన్ని చాలాసేపు చూసింది.

"ఇదే పెట్టండి. నవ్వుకుంటా కూర్చునుంటే, నేను పోయినాక మీరు నా మాట వింటారా?"

పోయిన చలికాలం అదే పెట్టాం. చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది. దండ మార్చేటప్పుడు మా నాయన మాత్రం ఇప్పటికీ, "వస్తాండా అక్కా, వస్తాండా" అంటాడు.