వేణ్ణీళ్ళతో కడిగిన కత్తి

2022 అక్టోబరు. ఆ ఏడాది దసరా వారం మధ్యలో పడింది. స్విండన్ అనే ఈ ఇంగ్లీషు ఊళ్ళోని తెలుగువాళ్ళు ఎప్పటిలాగే పండగని శనివారానికి జరిపేసుకున్నారు. వసుంధర ఆంటీ ఇంటికి భోజనానికి పిలిస్తే నేనూ వెళ్ళాను.

నేను ఒక వేలం సంస్థలో ఆర్మ్స్ అండ్ మిలిటేరియా వాల్యుయర్‌ని. యుద్ధాల నాటి కత్తులు, తుపాకులు, పతకాలు తాతల నుంచి మనవల చేతికొస్తాయి. అవేమిటో, ఎక్కడివో, అమ్మితే ఎంత వస్తుందో చెప్పడం నా పని. మాది అనంతపురం. లీసెస్టర్‌లో మ్యూజియం స్టడీస్‌లో మాస్టర్స్ చేసి ఇందులోకి వచ్చాను. ఇక్కడి సాఫ్ట్‌వేర్ మిత్రులకి నా ఉద్యోగం పెద్ద వేడుక. "సీమ అమ్మాయివి, కత్తులూ తుపాకులూ కాక ఇంకేం పని దొరుకుతుందిలే" అంటారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు "అవును, నాతో జాగ్రత్త" అని ఊరుకుంటాను.

వసుంధర ఆంటీది రాజమండ్రి వైపు. డెబ్బై దాటాయి. వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ డాక్టరుగా బర్మాలో పనిచేసి, తర్వాత కుటుంబంతో ఈ దేశం వచ్చి స్థిరపడ్డారు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఆయన కొన్న ఇంట్లోనే ఆంటీ ఉంటోంది.

నేను వెళ్ళేసరికి ఆంటీ పట్టుచీర కట్టుకుని వంటింట్లో సింకు దగ్గర ఉంది. ఒక పొడవాటి కత్తి మీద కెటిల్ నీళ్ళు కళపెళా మరుగుతున్నవి పోస్తోంది.

"దూరంగా ఉండమ్మాయ్, చిందుతాయి. గుమ్మడికాయ కొట్టాలి. దీన్ని ఇలా కడిగాకే పూజలో పెట్టాలి. నాన్నగారి పద్ధతి" అంది.

మడి కాబోలు అనుకున్నాను. మా అవ్వకీ ఇలాంటి పట్టింపులు బోలెడు. కత్తిని సరిగా చూడనైనా లేదు, ఎందుకంటే అప్పటికే హాల్లోంచి పులిహోర వాసన పిలుస్తోంది.

హాల్లో దుర్గమ్మ పటం ముందు ఆయుధ పూజ సిద్ధంగా ఉంది. కారు తాళాలు, రెండు లాప్‌టాప్‌లు, మిక్సీ, ఎవరిదో క్రికెట్ బ్యాటు. వాటి మధ్యలో, ఎర్ర గుడ్డ మీద, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన రివాల్వర్.

బొమ్మ అనుకోవడానికి నాకు వీల్లేదు. ఆ పిడినీ, గొట్టం పైనున్న నిలువు పట్టీనీ ఎన్నిసార్లు చూశానో. ఎన్‌ఫీల్డ్ నంబర్ టూ, బ్రిటిష్ సైన్యం ఆఫీసర్లకిచ్చిన ఆరు గుళ్ళ రివాల్వర్. కంగారులో నా యాస బయటికొచ్చేసింది.

"ఏమాంటీ ఇది, యాడిది?"

"నాన్నగారిదే. చాన్నాళ్ళు అటక మీద పెట్టెలో ఉండేది. ఆయన పోయాక నేనే కిందికి దించి పూజలో పెడుతున్నా. బాగుందా?"

ఆంటీ మనవరాలు ఈషా దాని పక్కన కూర్చుని ఫోటోకి సర్దుకుంటోంది. చెయ్యి అప్పుడే పిడి మీదికి పోతోంది. "దాన్ని వదిలెయ్ తల్లీ" అని గట్టిగానే అన్నాను.

"డోంట్ వర్రీ ఆంటీ, ఇట్స్ ఎంప్టీ. అమ్మమ్మ సెడ్" అంది.

నా వృత్తిలో ఆ మాట నమ్మిన రోజు ఉద్యోగం మానెయ్యాలి. పిల్లని లేపి, అందర్నీ ప్లేట్లతో సహా వెనక గార్డెన్‌లోకి పంపాను. సన్నగా తుంపర పడుతోంది. పులిహోర మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు కుటుంబాలూ బయట నిలబడ్డాయి.

ఆంటీకి ఉన్నమాట చెప్పాను. ఈ దేశంలో పనిచేసే చేతి తుపాకీని అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం పెద్ద నేరం. వారసత్వం, పాతది, పూజకోసం అన్న కారణాలేవీ చెల్లవు. జైలు దాకా పోవచ్చు. కారులో పెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళినా తప్పే. మనమే పోలీసుల నంబరు 101కి ఫోన్ చేసి, ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేసి, వాళ్ళనే రమ్మనాలి.

"నాన్నగారి వస్తువు కోసం ఇంటికి పోలీసుల్ని పిలుస్తావా? అదీ పండగపూట!"

"పిలుస్తాను ఆంటీ. రేపు వాళ్ళంతట వాళ్ళు వచ్చే కన్నా ఈ రోజు మనం పిలవడమే మీకు మంచిది."

ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పుల వరస చూసి ముందున్నాయన తన బూట్లు కూడా విప్పబోయాడు, రెండో ఆయన వద్దని సైగ చేశాడు. చేతులకి గ్లవ్స్ వేసుకుని, రివాల్వర్‌ని గోడవైపు తిప్పి జాగ్రత్తగా తెరిచాడు. ఆరు గదుల్లో ఐదు ఖాళీ. ఆరో దాంట్లో తూటా ఉంది. దాని అంచుల చుట్టూ పసుపు గట్టిపడి ఉంది.

ఆంటీ సోఫాలో కూలబడిపోయింది. ప్రతి దసరాకీ ఈషా చేత దాన్ని పట్టించి ఫోటో తీసి కుటుంబం వాట్సాప్‌లో పెడుతున్న మనిషి ఆవిడ. "పిల్ల చేతికిచ్చానే, నా చేతులతో ఇచ్చానే" అని అదే మాట అంటూ ఉండిపోయింది.

తర్వాతి వారాలు బాగాలేవు. ఆంటీని స్టేషన్‌కి పిలిచి ప్రశ్నలడిగారు. నన్ను వస్తువు గురించి స్టేట్‌మెంట్ ఇమ్మంటే ఇచ్చాను. "భోజనానికి పిలిస్తే పోలీసుల్ని పట్టుకొచ్చింది" అన్న మాట నా చెవిదాకా వచ్చింది. ఆంటీ నా ఫోన్ ఎత్తలేదు. బాధేసింది, కానీ చేసినదానికి నేను ఒక్క నిమిషం కూడా సంజాయిషీ చెప్పుకోలేదు. మళ్ళీ అలాంటి హాల్లోకి అడుగుపెడితే మళ్ళీ అదే చేస్తాను.

చలికాలం మొదలయ్యాక పోలీసులు కేసు లేదని తేల్చారు. తెలియక జరిగింది, తెలిసిన గంటలోనే తెలియజేశారు అన్నారు. రివాల్వర్‌ని నాశనం చెయ్యమంటారా, లేక అనుమతి ఉన్న డీలరుకి అప్పగించమంటారా అని ఆంటీని అడిగారు. మా సంస్థకి ఆ అనుమతి ఉంది. ఆ సాయంత్రమే ఆంటీ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కోపం పోలేదు గానీ నీతో పనుంది. రా."

వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ మీద తువ్వాల్లో చుట్టిన కత్తి ఉంది. ఆంటీ లెక్క అప్పటికే వేసి పెట్టుకుంది. రివాల్వర్‌ని డీయాక్టివేట్ చేయించాలి, అంటే మళ్ళీ ఎప్పటికీ పేలకుండా లోపలి భాగాలు కోసి, వెల్డింగ్ చేసి, సర్టిఫికెట్ తీసుకోవాలి. అప్పుడు చట్టప్రకారం ఇంట్లో పెట్టుకోవచ్చు. దానికయ్యే ఖర్చుకి కత్తిని అమ్మేస్తుంది.

"ఇది జపాను ఆఫీసరుది. నాన్నగారు బర్మాలో వాడి చేతిలోంచి లాక్కున్నారు. ఫోన్‌లో ఒక డీలరు ఫోటో చూసి మంచి ధర చెప్పాడు. నువ్వూ చూసి చెప్పు. నాకు మాత్రం నాన్నగారి తుపాకీ ఇంటికి రావాలి. వచ్చే దసరాకి అది అక్కడ లేకపోతే ఆయన్ని నేనే గెంటేసినట్టుంటుంది నాకు."

కత్తి విప్పాను. మా పనిలో ప్రోవెనెన్స్ అని ఒక మాటుంది. వస్తువు ఎవరి చేతుల్లోంచి ఎలా వచ్చిందన్న చరిత్ర. ఇంటివాళ్ళు చెప్పే చరిత్రని నేను గౌరవంగా వింటాను, కానీ ముందు వస్తువునే చూస్తాను. వస్తువుకి గొప్పలు చెప్పుకోవడం రాదు.

జానెడుకి కొంచెం ఎక్కువ పొడవున్న సన్నటి అలుగు. ఒకవైపే పదును. జపాను కత్తుల్లో ఉండే వంపు లేదు. పిడికీ అలుగుకీ మధ్య చెయ్యి జారకుండా ఉండే అడ్డుపట్టీ లేదు. యుద్ధంలో పొడవడానికి చేసిన కత్తికి అది లేకపోతే పొడిచినవాడి వేళ్ళే తెగుతాయి. ఇక పిడి. కర్ర లేదు, తోలు లేదు, దారం చుట్టు లేదు. అలుగూ పిడీ ఒకే ఉక్కు ముక్క. పట్టు కోసం గళ్ళు గళ్ళుగా గీతలు పెట్టారు. ఆంటీ ఏటేటా చింతపండుతో తోమిన తోముడుకి పైపూత సగం పోయింది. అయినా భూతద్దం కింద పిడి మొదట్లో ఒక చిన్న బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం కనిపించాయి. అప్పటి భారత ప్రభుత్వ ఆస్తి అని దాని అర్థం.

అనుమానం లేదు. అయినా ఒకటి అడగాలనిపించింది.

"ఆంటీ, దీని మీద వేణ్ణీళ్ళు పోస్తారే, అది మీ నాన్నగారు నేర్పిందేనా?"

"నేర్పలేదు, చూసి నేర్చుకున్నా. ఎప్పుడు బయటికి తీసినా కెటిల్ మరిగించి పోసేవారు. పైనుంచి కిందికి, రెండు వైపులా, పిడి మీద కూడా. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. మడి అనుకున్నాం."

"జపానువాడి కత్తి అని ఆయనే చెప్పారా?"

ఆంటీ ఆలోచించింది. "బర్మా నుంచి తెచ్చాను అన్నారంతే. మిగతాది... మా అన్నయ్యా నేనూ చిన్నప్పుడు అనుకున్నదేమో."

"ఆంటీ, ఇది శత్రువుది కాదు. యాంప్యుటేషన్ నైఫ్. పాడైపోయిన కాలో చెయ్యో తీసేసి సైనికుడి ప్రాణం నిలబెట్టే సర్జన్ కత్తి. మరిగే నీళ్ళల్లో వెయ్యాలి కాబట్టే పిడికి కర్ర పెట్టలేదు. మీ నాన్నగారు చేసింది మడి కాదు. ఆపరేషన్‌కి ముందు చేసే పనే, చేతికి అలవాటైపోయింది."

ఆంటీ కత్తిని చేతిలోకి తీసుకుంది, అదీ ఆయన పట్టుకున్నట్టు, బొటనవేలు వెన్ను మీద ఆనించి. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. నేనూ తల తిప్పుకున్నాను.

వాల్యుయర్‌ని కాబట్టి ధర కూడా చెప్పాలి. ఫోన్ డీలరు చెప్పింది జపాను కత్తి ధర. సర్జన్ కత్తులు కొనేవాళ్ళు తక్కువ. ఇది జంట లేని ఒంటి కత్తి, పెట్టె లేదు, పైపూత పోయింది. "మీ దసరా భోజనం ఖర్చు కూడా రాదు ఆంటీ" అన్నాను.

ఆవిడ కన్నీళ్ళలోనే నవ్వింది. "అంత చవగ్గా ఎవడికీ ఇవ్వను గానీ, ఆ తుపాకీ మాటేంటి?"

"డీయాక్టివేట్ చేయిస్తే మీకొస్తుంది. లేదంటే సైనిక వైద్యుల వస్తువులు పెట్టే మ్యూజియం ఒకటి అడుగుతోంది. మీ ఇష్టం."

"ఇచ్చెయ్."

"పూజలో లేకపోతే బాధన్నారు కదా?"

"దాన్ని నాన్నగారు ఒక్కసారి కూడా కడగలేదమ్మాయ్" అంది.

అప్పటినుంచి ఎవరైనా పాత కత్తి తెస్తే నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. ఇదెవరిది, ఏ యుద్ధంలోది అని అడగను. దానికి గొప్పలే జవాబుగా వస్తాయి. మీ పెద్దాయన దీన్ని ఇంట్లో ఎలా చూసుకునేవారు, బయటికి తీసినప్పుడు ఏం చేసేవారు అని అడుగుతాను. కథలు తరం మారేకొద్దీ పెరుగుతాయి. చేతి అలవాటు మాత్రం, అర్థం తెలియని పిల్లలు కూడా ఉన్నదున్నట్టే చేస్తారు. గుర్తులూ కొలతలతో పాటు దాన్ని కూడా నా రిపోర్టులో రాయడం మొదలుపెట్టాను.

మరుసటి దసరాకి ఆంటీ నన్ను మళ్ళీ పిలిచింది, పోలీసులు లేకుండా రమ్మని మరీ చెప్పి. ఎర్ర గుడ్డ మీద కత్తి ఒక్కటే ఉంది. గుమ్మడికాయకి వంటింటి కత్తి వేరే పెట్టారు. ఈషా కెటిల్ పట్టుకుని సింకు దగ్గర నిలబడి, "వై బాయిలింగ్, అమ్మమ్మా?" అని అడిగింది.

"పేషెంటు ఎదురుచూస్తున్నాడే" అంది ఆంటీ. "పిడి మీద కూడా పొయ్యి."